తాడు పట్టిన చెయ్యి

మా అయ్య నన్ను పెద్దగా ఏమీ అడిగేవాడు కాదు. పోయే ముందు మాత్రం ఒక్కటి అడిగాడు. దాని గురించే ఇది రాస్తున్నాను. రాయడం నాకు కొత్త. పాటలు కట్టాను గానీ అవన్నీ నోట్లో కట్టినవే. బడిలో నాలుగో తరగతి దాకా చదివాను, అదీ బర్మా భాషలో. తెలుగు అక్షరాలు మా అమ్మవారి గుడి వసారాలో ఆదివారాలు దిద్దుకున్నవి. ఎక్కడైనా తడబడితే చదివేవాళ్ళు కొంచెం ఓపిక పట్టాలి.

ఆ రోజు పొద్దున కరెంటు లేదు. సంచౌంగ్‌లో మేముండేది మూడో అంతస్తు. కింద సందులో ఉడకబెట్టిన బఠానీలు అమ్మే ఆవిడ కేక వేసింది. యాంగోన్‌లో మేడల మీద ఉండేవాళ్ళం చిన్నచిన్న వాటికి మెట్లు దిగం. వరండా నుంచి సన్నటి తాడు ఒకటి వేలాడుతుంటుంది, దాని చివర ఒక క్లిప్పు. డబ్బు దానికి పెట్టి కిందికి వదిలితే సరుకు దానికే తగిలించి పంపిస్తారు. మా ఇంట్లో ఆ పని అయ్యది. మెట్లు దిగే ఓపిక పోయాక ఆయనకు మిగిలిన పని అదొక్కటే. బఠానీల పొట్లం పైకి లాగి, ఆయాసం తీరేదాకా వరండా కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

“ఒలే గుంటా,” అన్నాడు. నాకు యాభై దాటినా ఆయనకు నేను గుంటనే, చిన్నపిల్లనే. “నాను పోయినప్పుడు దింపుడు పాట ఎత్తుతావా?”

“ఏటయ్యా పొద్దున్నే ఆ మాటలు? ముందు తిను.”

“బఠానీలు ఎక్కడికీ పోవు గానీ, ఎత్తుతావో నేదో సెప్పు.”

“ఎత్తుతాను.”

“మరి వంతెవుడు పలుకుతాడే?”

స్టవ్వు మీద టీ పెట్టి వస్తానని లోపలికి వెళ్ళిపోయాను. స్టవ్వు కరెంటుది. ఆ సంగతి వంటింట్లోకి వెళ్ళాక గుర్తొచ్చింది.

వంత పలకడం ఏమిటో, అదంత పెద్ద సంగతి ఎందుకయ్యిందో చెప్పాలి.

మా ముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి బోటాటౌంగ్ రేవులో మూటలు మోశారు. తాతా అంతే, అయ్యా అంతే. బరువైన సరుకుని జట్టంతా కలిసి తాళ్ళతో ఎత్తి దించేవాళ్ళు. జట్టులో ఒకడు పాట ఎత్తుతాడు, మిగిలినవాళ్ళు తాడు లాగుతూ వంత పలుకుతారు. దానికి మావాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. పాట ఎత్తేవాడి చెయ్యి తాడు మీద ఉండకూడదు. వంత పలికేవాడి చెయ్యి తాడు మీద నుంచి పోకూడదు.

అందులో మంత్రం ఏమీ లేదు. పాట ఎత్తేవాడి కన్ను సరుకు మీద ఉండాలి. చెయ్యి తాడు మీద పెడితే కన్ను చేతి మీదకి పోతుంది. వంత అంటే, నా చెయ్యి ఉంది అని చెప్పడం. చెయ్యి లేనివాడు పలికితే పాట ఎత్తేవాడు మోసపోతాడు. అందరూ పట్టుకున్నారనుకుని వదలమంటాడు. కింద మనిషి నలిగిపోతాడు. అలా నలిగిపోయిన మనిషి కథ మా ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంది.

ఇంకో కథ కూడా చెప్పేవాడు అయ్య. ఆయన కంటే ముందు పాట ఎత్తిన పెద్దాయన గురించి. గాలివాన రోజు ఒకడి పట్టు జారితే ఆ పెద్దాయన ఉరికి తాడు పట్టుకున్నాడట. సరుకు నిలిచింది, మనుషులు బతికారు. మర్నాటి నుంచి ఆయన మూటలు మోశాడు. మళ్ళీ పాట ఎత్తలేదు. ఎవరూ వద్దనలేదు, ఆయనే ఒప్పుకోలేదు. తాడు పట్టినోడు తాడు మనిషే అన్నాడట.

“పిచ్చోడేటి?” అని అడిగాను, చిన్నప్పుడు.

“పిచ్చేటి? పెద్దరికం,” అన్నాడు అయ్య.

దింపుడు పాట మూడు పాదాలే. సరుకు భుజం మీద నుంచి నడుం దాకా, నడుం నుంచి మోకాలి దాకా, అక్కడి నుంచి నేల దాకా.

*బుజం మీద కొండా, మెల్లగా.*
*నడుం మీద యేరా, మెల్లగా.*
*నేల సొమ్ము నేలకే, మెల్లగా.*

ప్రతి పాదానికీ ఐలేసా అని వంత. జట్టు మనిషి ఎవరైనా పోతే అతన్నీ ఈ పాటతోనే దించేవాళ్ళు. మూడు పాదాలకూ వంత రావాలి. రాకపోతే బరువు దిగినట్టు కాదు, మనిషి గాల్లో వేలాడుతున్నట్టే. కొడుకు వంత పలకడానికి లేదు, ఎందుకంటే నిప్పు కుండ పట్టుకుని ముందు నడిచేది వాడే. పాడె మీద వాడి చెయ్యి ఉండదు. మనవలు పలకాలి, అన్నదమ్ముల పిల్లలు పలకాలి, జట్టువాళ్ళు పలకాలి. అయ్య అడిగింది ఇదే. ఆయన రేవులో ఎంతమందినో దించాడు. తనను దించేటప్పుడు ఎవరు పలుకుతారని.

నేను పాటల్లోకి ఎలా వచ్చానో కూడా చెప్తాను. చెప్పకపోతే ఆ రోజు నేను చేసింది అర్థం కాదు.

బడి మానేశాక అయ్యకి అన్నం క్యారియర్ పట్టుకుని రేవుకి వెళ్ళేదాన్ని. గోడౌన్ గోడకి ఆనుకుని, ఆయన తిన్నంతసేపూ పాటలు వినేదాన్ని. కొంచెం పెద్దయ్యాక పబేడాన్‌లో మనవాళ్ళ బట్టల కొట్లో చీరలు మడతలు పెట్టే పనికి కుదిరాను. అప్పుడు మా పక్క వాటాలో ఒక కరెన్ అక్క ఉండేది, కొండల వైపు జాతి మనిషి. చర్చిలో పాడేది. ఆవిడ దగ్గర పాత గిటారు ఉండేది, పొట్ట పగిలితే జిగురు పెట్టి అతికించింది. తను పాడేవాటిని కంట్రీ పాటలు అనేది. కొండలు, ఊళ్ళు, పోయిన మనుషులు, వాన. గిటారు తీగల మీద వేళ్ళు పెట్టే పట్లు నాకు మూడు నాలుగు నేర్పింది. ఒకరోజు ఆ పట్ల మీద అయ్య ఎత్తే పాట వేసి చూశాను. ఆవిడ పడీపడీ నవ్వింది.

“ఇది కూడా కంట్రీయే చెల్లీ,” అంది బర్మా భాషలో. “మాకు కొండ ఉంది, మీకు రేవు ఉంది. ఏడుపు ఒకటే.”

ఆ తర్వాత నేనే పాటలు కట్టడం మొదలుపెట్టాను. చీరల మడతల మీద ఒకటి. క్యారియర్లో చల్లారిపోయిన అన్నం మీద ఒకటి. సగం తెలుగు, సగం బర్మా. ప్రతి పాదం తర్వాత వంతకి చోటు వదిలేదాన్ని. అలా కాకుండా కట్టడం నాకు రాదు.

అప్పటికి రేవులో జట్లు పోయాయి. పెద్ద పెద్ద పెట్టెల ఓడలు నది కిందికి వేరే రేవుకి మళ్ళిపోయాయి, వాటికి క్రేన్లు. అయ్య జట్టులో మిగిలిన ముసలివాళ్ళు పొద్దంతా బోటాటౌంగ్‌లో టీకొట్టు దగ్గర చిన్న స్టూళ్ళ మీద కూర్చునేవాళ్ళు. అమ్మవారి పండగకి నేను పాడదామనుకుని వాళ్ళనే వంతకి పిలిచాను. అయ్య ఒప్పుకోలేదు.

“ఆడది పాటెత్తడమేటి?”

జట్టులో అందరికంటే పొట్టివాడు ఒకాయన ఉండేవాడు. ఆయనే అందుకున్నాడు. “ఆడది ఎత్తితే ఓడ మునుగుద్దేటిరా?”

“మునగడానికి ఓడేదిరా?” అన్నాడు అయ్య.

అందరూ నవ్వారు. అయ్య కూడా నవ్వి, నవ్వుతూనే తల దించేసుకున్నాడు. చాలాసేపటికి, “సరే, పాడనీ. గానీ వంత పలికే ఓడి సేతిలో తాడుండాల,” అన్నాడు.

అలా నా పాటల్లోకి తాడు వచ్చింది. నేను ఎక్కడ పాడినా పక్కన నీళ్ళ డ్రమ్ము ఒకటి పెట్టి దానికి నార తాడు కట్టేవాళ్ళం. ముసలివాళ్ళు ఆ తాడు పట్టుకుని, నిజంగా లాగుతూ, వంత పలికేవాళ్ళు. నేను గిటారుతో ముందు నిలబడేదాన్ని. వాళ్ళ తాడు నేను ముట్టేదాన్ని కాదు. ఒక పగోడా జాతరలో ఎవడో కుర్రాడు కింద నుంచి అరిచాడు, “ఏయ్ కలామా, ఆ తాడు దేనికి? ఆవుని కట్టడానికా?” కలామా అంటే ఇండియా మనిషిని వాళ్ళు వెక్కిరింతగా పిలిచే పేరు. మా పొట్టాయన తాడు వదలకుండానే బర్మా భాషలో అన్నాడు, “ఆవు దొరకలేదు బాబూ. నువ్వు వస్తావా?” జనం విరగబడి నవ్వారు. ఆ కుర్రాడు కూడా నవ్వాడు. నేను పాట మళ్ళీ ఎత్తాను.

క్యాసెట్లు వేసే ఒకాయన నా పాట విని కబురు పెట్టాడు. పేరున్న పాత పాటల బాణీలకి బర్మా మాటలు పెట్టి పాడమన్నాడు. ముఖానికి పౌడరు ఎక్కువ వెయ్యమన్నాడు. ముసలివాళ్ళు వద్దు, తాడు అసలే వద్దు అన్నాడు. ఆలోచించి చెప్తానన్నాను. నిజానికి ఆలోచించిందేమీ లేదు. ఆయన ఆఫీసు మెట్లు మళ్ళీ ఎక్కడానికి భయం వేసి ఊరుకున్నాను. ఎవరైనా అడిగితే నేనే కాదన్నానని చెప్పుకున్నాను. తర్వాత తర్వాత నేను నిజంగానే కాదన్నానని నాకే అనిపించసాగింది.

మా క్యాసెట్ మేమే వేసుకున్నాం. చిన్న రికార్డింగ్ గది, గోడలకి గుడ్ల అట్టలు అంటించి ఉన్నాయి. డ్రమ్ము తలుపులో పట్టలేదు. తాడుని తలుపు గడియకి కట్టాం. మైకు పెట్టే ఆయన తల పట్టుకున్నాడు.

“అక్కా, తాడు కిర్రుమంటోంది. పాటలో పడుతోంది.”

“పడనీ,” అన్నాను.

“అది తప్పు శబ్దం.”

“అదే శబ్దం,” అన్నాడు వెనక నుంచి పొట్టాయన. మూడో పాటకి గడియ ఊడి వచ్చింది. దాన్నీ మేమే బాగు చేయించాం.

పబేడాన్‌లో కిళ్ళీ బల్ల పక్కన పళ్ళెం పెట్టుకుని ఆ క్యాసెట్లు అమ్మాను. కొన్నవాళ్ళు మళ్ళీ కనపడితే, పాట కంటే ఆ కిర్రు చప్పుడే బాగుందనేవాళ్ళు. అంతకు మించి పేరు నాకు రాలేదు. పెళ్ళిళ్ళు, చెవులు కుట్టే వేడుకలు, టీకొట్లు. తర్వాత ఫోన్లో వీడియోలు. పెళ్ళి నాకు కాలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి గిటారు వరకు సరేగానీ తాడు నచ్చేది కాదు.

ముసలివాళ్ళు ఒక్కొక్కరూ పోయారు. అయ్య గొంతు బొంగురుపోవడంతో దింపుడు పాట నేనే ఎత్తేదాన్ని. ఆడవాళ్ళు శ్మశానానికి రాకూడదు గానీ, నా విషయంలో జట్టువాళ్ళు ఆ మాట పక్కన పెట్టారు. ఒక్కొక్కరిని దించేటప్పుడు వంత పలచబడుతూ వచ్చింది. పొట్టాయనను దించిన రోజు వంతలో మా తమ్ముడి కొడుకులు ఇద్దరి గొంతులే గట్టిగా వినపడ్డాయి.

ఆ పిల్లలు తాడు చుట్టూ పెరిగినవాళ్ళు. తెలుగు అర్థమవుతుంది, నోరు తిరగదు. ఐలేసాని కూడా బర్మా యాసలో సాగదీసి పలికేవాళ్ళు. చిన్నవాడు ఒకసారి అడిగాడు, “అత్తా, ఐలేసా అంటే మీనింగ్ ఏటి?”

“ఏమీ నేదురా. నీ సెయ్యి ఉందని సెప్పడం.”

“అంతేనా?”

“అంతే.”

“మరి అది లాగేటప్పుడు ఫేస్‌లో కనిపిస్తాది గదా,” అన్నాడు. నేను నవ్వాను. వాళ్ళు వచ్చాక నా పాటలకి మళ్ళీ ఒళ్ళు వచ్చింది. పెద్దవాడు డ్రమ్ము మీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాడు. అయ్య ముందు తిట్టాడు, తర్వాత కాలు ఊపాడు.

ఆ తర్వాత, ఆక్సిజన్ సిలిండర్ల కోసం జనం వీధుల్లో వరస కట్టిన వానాకాలం వచ్చింది. కరెన్ అక్క ఆ వానల్లో పోయింది. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఆవిడను ఎవరు దించారో, ఏం పాడారో నాకు తెలియదు. వాళ్ళ చర్చి మనిషి గిటారు తెచ్చి మా గుమ్మం ముందు పెట్టి వెళ్ళాడు. జిగురు మళ్ళీ ఊడింది.

అప్పటికే సైన్యం ప్రభుత్వాన్ని లాక్కుని, ఊరు మారిపోయింది. పాడించుకునేవాళ్ళు తగ్గారు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు బియ్యం కడుక్కోవడం అలవాటయ్యింది. ఆ తర్వాత కుర్రాళ్ళను సైన్యానికి పిలుస్తున్నారనే కబురు వచ్చింది. ప్రతి ఇంట్లోనూ ఒకటే గుసగుస, ఎవరి పిల్లలు ఎటు వెళ్తున్నారని. మా తమ్ముడు అన్నం మానేశాడు. చివరికి పిల్లలిద్దరినీ సరిహద్దు దాటించి థాయిలాండ్ వైపు పంపాలనుకున్నారు.

వాళ్ళు ఒక పొద్దున మా ఇంటి నుంచే బయలుదేరారు. బజారుకి వెళ్తున్నట్టు ఖాళీ చేతులతో మెట్లు దిగారు. సంచులతో దిగితే ఎదురింటివాళ్ళు చూస్తారని భయం. సంచి ఒకటే, ఇద్దరిదీ కలిపి. దాన్ని అయ్య వెనక వైపు వరండా నుంచి తాడుతో దించాడు. బఠానీల తాడు ఆ బరువుకి ఆగదని నా పాటల తాడు తీసి కట్టాడు. పాట నాకు వదిలేశాక ఆయనా తాడు మనిషే, అందుకే దించుతూ, ఎత్తకుండా, పెదవులతోనే దింపుడు పాట అనుకున్నాడు. మూడు పాదాలూ. కింద సందులో పిల్లలు చేతులు చాపి సంచి అందుకున్నారు. పైకి చూశారు. పెద్దవాడి నోరు కొంచెం తెరుచుకుంది. చిన్నవాడు వాడి మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. ముడి విప్పి, సంచి భుజానికేసుకుని వెళ్ళిపోయారు.

అయ్య ఖాళీ తాడు పైకి లాగాడు.

“వంత పలకనేదు,” అన్నాడు.

“ఎలా పలుకుతారయ్యా? వింటారు గదా.”

“తెలుసే. సెప్తన్నాను, అంతే.”

అది జరిగిన కొద్ది రోజులకే ఆ బఠానీల పొద్దున నన్ను ఆ మాట అడిగాడు.

నేను ఊరుకోలేదు. పిల్లలకి ఫోన్ దొరికినప్పుడు చెప్పాను. “అత్తా, ఆ టైమ్‌కి వీడియో కాల్ చెయ్యి. పలుకుతాం,” అన్నాడు పెద్దవాడు. స్పీకర్‌లో పెట్టి అయ్యకి వినిపించాను.

“ఫోనుకి సెయ్యేదిరా?” అన్నాడు అయ్య.

“సరే తాతా,” అన్నాడు వాడు.

పాత క్యాసెట్ తీశాను. పబేడాన్‌లో ఒక రిపేరు కొట్టులో పాత మిషన్ దొరికితే పట్టుకొచ్చాను. ముసలివాళ్ళ గొంతులన్నీ అందులో ఉన్నాయి, తాడు కిర్రుతో సహా. ఇంతకంటే మంచి వంత ఎక్కడ దొరుకుతుంది అనుకున్నాను. అయ్య కళ్ళు మూసుకుని మొత్తం విన్నాడు. పొట్టాయన గొంతు వచ్చినచోట వేలు ఎత్తి చూపించాడు. పాట అయ్యాక మిషన్ ఆపమన్నాడు.

“బాగుంది. గానీ ఆళ్ళ సేతులు ఇప్పుడు ఏ తాడు మీదున్నాయే?”

గుడి కమిటీలో కూడా అడిగాను. కొట్లున్న పెద్దమనుషులు వాళ్ళు. మంచివాళ్ళే. “మోయడానికి మనుషుల్ని చూస్తాం గానమ్మా, పాటలవీ ఈ రోజుల్లో ఎందుకు? రోడ్డు మీద గట్టిగా అరిస్తే ఏం గొడవో,” అన్నారు. అదీ నిజమే.

రాత్రి భోజనం అయ్యాక అయ్య రోజూ ఒకసారి నా వైపు చూసేవాడు. అడిగేవాడు కాదు. నేను గిన్నెలు సర్దేదాన్ని.

ఒక పొద్దున బఠానీలావిడ రెండుసార్లు కేక వేసింది. తాడు కిందికి దిగలేదు. నేను వంటింట్లోంచి, “అయ్యా, పిలుస్తంది,” అన్నాను. మూడోసారి కేక వేసి ఆవిడ వెళ్ళిపోయింది. అప్పుడు నేను వరండాలోకి వెళ్ళాను. కుర్చీలోనే ఉన్నాడు. క్లిప్పు ఒళ్ళో ఉంది.

పెట్రోలు దొరకని రోజులు. ఉచితంగా శవాలను తీసుకెళ్ళే సేవావాళ్ళ బండి మధ్యాహ్నానికి వచ్చింది. వాళ్ళు నలుగురు బర్మా మనుషులు, లుంగీలు పైకి కట్టుకుని. మెట్లు ఇరుకు. అయ్యను పక్కకి వంచి, నిలబెట్టి, మళ్ళీ వంచి కిందికి దించారు. పెట్టెలో పెట్టారు. తమ్ముడు తల మీద నీళ్ళు పోసుకుని నిప్పు కుండ పట్టుకున్నాడు. నేను బండి ఎక్కబోతే గుడి పెద్ద ఒకాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆడకూతురివి, నువ్వెక్కడికమ్మా?”

తమ్ముడు కుండ దించకుండానే అన్నాడు, “అప్ప కూతురుగా రావట్లేదు బాబూ. పాటెత్తడానికి వస్తంది.” మాలో అక్కని అప్ప అంటాం. పెద్దాయన చెయ్యి తీశాడు.

శ్మశానం ఊరి బయట. దారిలో బండి ఆపి ఆపి పోనిచ్చారు. చెక్‌పోస్టు దగ్గర పెట్టె మూత తీయించి చూశారు. నేను ఆ నలుగురి ఎదురుగా కూర్చున్నాను. వాళ్ళలో పెద్దవాడు ముప్పై ఏళ్ళవాడేమో. చేతులు దులుపుకుంటూ, మొహమాటపడుతూ వాళ్ళకి బర్మా భాషలో చెప్పాను. దించేటప్పుడు నేను ఒక పాట ఎత్తుతాను, మీరు ఒక్క మాట అనాలి, చెయ్యి పెట్టె మీద ఉండగానే అనాలి అని.

“ఏం మాట ఆంటీ?”

“ఐలేసా.”

“ఐ… లే… షా,” అన్నాడు ఒకడు. రెండోవాడు, “తినేదా అది?” అన్నాడు. మూడోవాడు వాడి తొడ మీద కొట్టాడు, చనిపోయిన మనిషి ముందు ఏంట్రా అని. నాకు కోపం రాలేదు. పొట్టాయన ఉంటే ఇంకా పెద్ద మాట అనేవాడు.

“తాతగారు పాటగాడా?” అడిగాడు పెద్దవాడు.

“రేవులో పని చేశారు.”

“మా నాన్న కూడా అక్కడే,” అన్నాడు. మళ్ళీ మళ్ళీ నోట్లో అనుకుంటూ కూర్చున్నాడు, ఐలేషా, ఐలేషా అని.

అక్కడ దిగాక పెట్టె భుజాలకెత్తుకున్నారు. తమ్ముడు ముందు, కుండతో. నేను పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని. కట్టెల చోటు ఇప్పుడు లేదు, గ్యాసు పొయ్యి. దాని తలుపు ముందు ఆగారు. నాకు గొంతు వస్తుందో రాదో తెలియదు. వచ్చింది.

*బుజం మీద కొండా, మెల్లగా.*

నలుగురూ పలికారు. ఒకేసారి పలకలేదు, ఒకడు వెనకబడ్డాడు. అయినా పలికారు. పెట్టె నడుం దగ్గరికి వచ్చింది. తమ్ముడి భుజాలు కదలడం చూశాను. వాడు పలకకూడదు కాబట్టి పళ్ళు బిగించి ఉన్నాడు.

*నడుం మీద యేరా, మెల్లగా.*

ఈసారి కలిసి పలికారు. పెద్దవాడి గొంతు అచ్చం రేవు గొంతులా ఉంది. అయిపోయింది, ఒక్క పాదమే ఉంది అనుకున్నాను. మూడోది కూడా ఎత్తేశాను.

*నేల సొమ్ము నేలకే, మెల్లగా.*

నేను ఎత్తుతుండగానే అక్కడి పనివాడు చక్రాల ఇనుప బండి తోసుకొచ్చి పెట్టె కిందికి పెట్టాడు. వాళ్ళు పెట్టెను దాని మీదికి జరిపారు. జరిపి, రోజూ చేసే పనే కాబట్టి, చేతులు తీసేశారు. లుంగీలకి తుడుచుకున్నారు. నేల దాకా దిగాల్సిన బరువు నడుం దగ్గరే ఆగిపోయింది. పెట్టె మీద ఒక్క చెయ్యి లేదు.

పెద్దవాడు నా వైపు చూశాడు. నోరు తెరిచాడు. తన చేతుల వైపు చూసుకున్నాడు. నేను చెప్పినది గుర్తొచ్చినట్టుంది. నోరు మూసుకున్నాడు. ఆ పిల్లవాడి తప్పు ఏమీ లేదు. అక్కడ నేల దాకా దించడం అనేదే లేదు.

పనివాడు బండి తోశాడు. చక్రం ఒకటి కిర్రుమంది.

ఆ చప్పుడుకి నేను కదిలాను. రెండు అడుగులు వేసి పెట్టె మీద చెయ్యి వేశాను. చెక్క మీద గీతలు గరుగ్గా తగిలాయి. అందరికీ వినపడేలా కాదు గానీ, అయ్యకి వినపడేలా పలికాను. ఐలేసా.

పనివాడు, “జరగండమ్మా,” అన్నాడు. చెయ్యి తీశాను. తలుపు వేసేశారు.

తిరిగొచ్చేటప్పుడు బండిలో తమ్ముడు నా పక్కన కూర్చున్నాడు. సగం దారిలో అడిగాడు.

“అప్పా. నువ్వు సెయ్యి ఏసీసేవు.”

“ఊఁ.”

“మరి పాటెవులు ఎత్తుతారింక?”

“నాకు తెల్దురా.”

“ఎవులు సూసేరు? నానొక్కడినే గదా సూసింది. ఎత్తు, పర్లేదు.”

వాడు నా కోసమే అన్నాడు. కానీ గాలివానలో తాడు పట్టిన ఆ పెద్దాయనను కూడా ఎవరూ వద్దనలేదు. అయ్య ఆ కథ చెప్పినప్పుడల్లా, చివర్లో గొంతు తగ్గించి చెప్పేవాడు.

అప్పటి నుంచి నేను పాట ఎత్తలేదు. ఒకరిద్దరు ఫోన్ చేశారు, పెళ్ళికి రమ్మని. గొంతు బాగోలేదని చెప్పాను. కరెన్ అక్క గిటారుకి మళ్ళీ జిగురు పెట్టించి గోడకి తగిలించాను. నా పాటల తాడు పిల్లల సంచిని దించినప్పటి నుంచి అలాగే చుట్టి మంచం కింద ఉంది. పిల్లలు అవతల ఒక కోళ్ళ ఫారంలో పనిచేస్తున్నారు. ఫోన్ చేసినప్పుడు పాటల మాట వాళ్ళూ ఎత్తరు, నేనూ ఎత్తను. చిన్నవాడు మాత్రం ఒకసారి, దింపుడు పాట మూడో పాదం ఏమిటని అడిగాడు. చెప్పాను. రాసుకుంటున్నానన్నాడు. ఎందుకని నేను అడగలేదు.

ఈ పొద్దున వాన పడుతోంది. బఠానీలావిడ గొడుగు కింద నుంచి కేక వేసింది. తాడు వదిలాను. ఆవిడ పొట్లం తగిలించి, తల పైకెత్తి, “అయ్యింది, లాగు!” అని అరిచింది, రోజూలాగే. తాడు తడిసి బరువుగా ఉంది. దాని మీద నా చెయ్యి ఉంది. ఐలేసా అన్నాను, ఆవిడకి వినపడనంత మెల్లగా, అని లాగాను.